ఓనరమ్మ వాటా

మా వదినని మా పని గదిలో అందరూ ఓనరమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, వెనకాల. నేను మాత్రం మొహం మీదే అనేదాన్ని. ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు లేదా నాకు?

వదిన అంటే మా అన్నయ్య భార్య. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బస్సెక్కేవాళ్ళం, ఒకే గదిలో పక్కపక్క బల్లల మీద పని చేసేవాళ్ళం. మా కంపెనీలో చెవి అచ్చులు చేస్తారు. వినికిడి తగ్గినవాళ్ళు పెట్టుకునే చెవి మిషన్ మీరు చూసే ఉంటారు. దాని గొట్టం చివర, చెవి లోపల ఇమిడిపోయే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. అదే అచ్చు. ఏ ఇద్దరి చెవులూ ఒకలా ఉండవు, ఒకే మనిషి రెండు చెవులూ ఒకలా ఉండవు, కాబట్టి ఎవరి అచ్చు వాళ్ళకే. ఆస్పత్రివాళ్ళు చెవిలో మెత్తటి ముద్ద పెట్టి, గట్టిపడ్డాక తీసి, డబ్బాలో మాకు పంపిస్తారు. దాన్ని సన్నటి కత్తితో చెక్కి, మైనంలో ముంచి, మూస కట్టి, మూసలో గట్టిపడే ప్లాస్టిక్ మందు పోసి, ఆరాక రంధ్రం తొలిచి, నున్నగా చేసి తిరిగి పంపాలి. అచ్చు కాస్త వదులైందా, శబ్దం పక్కనుంచి కారిపోయి మళ్ళీ మిషన్‌లోకే దూరి కీమని కూత పెడుతుంది. ఆ కూత రాకుండా చూడడమే మా పనల్లా.

గదిలో ఎనిమిదిమందిమి. వదినా నేనూ చెక్కేవాళ్ళం. మూసల్లో మందు పోసే ఆయన్ని గరిట అనేవాళ్ళం. ఆయన చేతిలో గరిట లేకుండా ఎవరూ చూడలేదు. నున్న చేసే అమ్మాయి పాలిష్. మిగతావాళ్ళు మైనం, మూస, రంధ్రం పనుల్లో ఉండేవాళ్ళు.

ఒక ఏడాది, ఎవరో పెద్దాయన మా కంపెనీలో పెట్టుబడి పెట్టాక, మా సారు అందరినీ నిలబెట్టి మాట్లాడాడు. సారంటే మాకంటే చిన్నవాడే. ఆడవాళ్ళని అక్కా అంటాడు, మగవాళ్ళని అన్నా అంటాడు. మనిషి చెడ్డవాడు కాడు. మాట్లాడ్డం మొదలుపెడితే మాత్రం అరచేతిలో వైకుంఠం చూపిస్తాడు.

"ఈసారి జీతం పెంపు మీ ఇష్టం అక్కా. క్యాష్‌గా తీసుకుంటే తీసుకోండి. లేదా పెంపు వదులుకుని దాని బదులు ఆప్షన్లు తీసుకోండి. అంటే, కంపెనీ షేర్లు ఈ రోజు రేటుకి తర్వాతెప్పుడైనా కొనుక్కునే హక్కు. రేపు షేరు రేటు పదింతలైనా మీకు మాత్రం ఈ రోజు రేటే. ఇక్కడ పని చేసినంత కాలం ఆ హక్కు మీది. ఇవాళ్టి నుంచి మీరు పనివాళ్ళు కాదన్నా, ఓనర్లు!"

అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లకేం డబ్బులు పోవు కదా.

"నాకు క్యాష్ సారూ" అన్నాను నేను, ఆయన నోరు మూసేలోపే. గరిట కూడా క్యాషే అన్నాడు. ఒకరిద్దరు సరదాకి కొద్దిగా ఆప్షన్లు తీసుకున్నారు, లాటరీ టికెట్టు కొన్నట్టు. పెంపు మొత్తం వదిలేసి ఆప్షన్లు రాయించుకున్నది మా వదిన ఒక్కతే. ఆ ఒక్క ఏడాదే అయితే పోనీలే అనుకోవచ్చు. తర్వాత ప్రతి ఏడూ అదే పని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను.

"వదినా, నీకేమైనా మతి పోయిందా? జీతమంటే నెలాఖరుకి చేతిలో పడాలి. ఆ ఆప్షన్లతో కూరగాయలొస్తాయా? కరెంటు బిల్లు కట్టొచ్చా?"

"రావు. కట్టలేం."

"మరి?"

"ఇన్నేళ్ళుగా చెక్కుతున్నాం. చెక్కినదానికి జీతమిచ్చారు, తిన్నాం, అయిపోయింది. ఆ అచ్చులు మాత్రం జనం చెవుల్లోనే ఉన్నాయి, కంపెనీకి పేరు తెస్తున్నాయి. ఆ పేరులో నాకూ పిసరంత ఉండాలనుంది. తప్పా?"

"కంపెనీ మునిగిపోతే?"

"మునిగితే నీ క్యాష్ ఎక్కణ్ణించి వస్తుందే?"

"నా జీతం ఆగితే ఇంకోచోట చేరతాను. నువ్వు కదల్లేవు. కదిలితే ఆ కాగితం చెల్లదు. నిన్ను గుంజకి కట్టెయ్యడానికే ఇచ్చాడది, తెలుసా?"

"నేనెక్కడికో పోతానని నీకెవరు చెప్పారు?" అని నవ్వేసింది.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు వినీ వినీ ఇంట్లో మౌనంగా ఉంటాడు. "మీ ఇద్దరి మధ్యా నేను దూరను" అని భోజనం పళ్ళెం తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆవిడ అన్నదీ సబబే, నేనన్నదీ సబబే. అదే నాకు గిట్టదు. వాదన అన్నాక ఎవరో ఒకరు ఓడిపోవాలి.

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. సారు ఓనర్లు అన్నాడు, మేం విని వదిలేశాం. మా వదిన వదల్లేదు. ఆ మాట అక్షరాలా నమ్మింది. నమ్మి, మర్నాటి నుంచి ఓనరుగా పనిలోకి రావడం మొదలుపెట్టింది. బాత్రూంలో కుళాయి కారుతుంటే ప్లంబర్ని పిలవడం దేనికని తనే వాషర్ కొనుక్కొచ్చి బిగించింది. చేతి తొడుగులు చిరక్కముందే పారేస్తున్నామని మా అందరికీ క్లాసు పీకింది. ఓవర్‌టైమ్ చేస్తుంది, డబ్బు రాయించుకోదు. ఎందుకే అంటే, "నా జేబులోంచి తీసి నా ఇంకో జేబులో వేసుకోనా?" అంటుంది. నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలిసేది కాదు. పక్క బల్ల దాన్ని కదా, తర్వాత అందరూ నా వైపే చూసేవాళ్ళు.

ఒకసారి ముందు హాల్లో సారు చేపల తొట్టి పెట్టించాడు. వదిన దాని ముందు నిలబడి కాసేపు చేపల్ని చూసి, తిన్నగా సారు గదిలోకి వెళ్ళింది.

"సారూ, ఈ చేపలు ఎవరి డబ్బుతో కొన్నారు?"

సారు బిత్తరపోయాడు. "కంపెనీదే అక్కా. వచ్చేవాళ్ళకి ప్రశాంతంగా ఉంటుందని."

"మన దగ్గరికి కొరియర్ వాళ్ళు తప్ప ఎవరొస్తారు సారూ?"

ఆ తొట్టి నెల తిరక్కుండా సారు ఇంటికి వెళ్ళిపోయింది. ఓనరమ్మ అనే పేరు గట్టిపడింది అప్పుడే. గరిట అయితే ఆవిడ గదిలోకి రాగానే లేచి నిలబడి వంగి నమస్కారం పెట్టేవాడు. అందరం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. వదిన కూడా నవ్వేది. ఆవిడకి కోపం రాదు. మా ఇంటికి సరిపడా కోపం నాకే ఉంది కాబట్టి కుదిరిపోయింది.

అలా ఏళ్ళు గడిచాయి. కంపెనీ మునగలేదు, ఎగిరిపోనూ లేదు. నా పెంపులన్నీ నేను బ్యాంకులో వేసుకున్నాను. నాకు పెళ్ళి మీద ఎప్పుడూ మనసు పోలేదు గానీ ఒక గది మీద పోయింది. నాదంటూ ఒక గది, దానికో కిటికీ, తలుపు వేసుకుంటే ఎవరూ తట్టకూడదు. దాని అడ్వాన్సుకి దగ్గరదాకా వచ్చాను. వదిన దగ్గర మాత్రం మంచి బట్టల మడతల్లో దాచిన కాగితాలున్నాయి.

అప్పుడు వచ్చింది ప్రింటర్.

ముద్దని ఒక పెట్టెలో పెడితే అది నలువైపులా ఫొటో తీస్తుంది. ఆ ఫొటోని బట్టి ఇంకో పెట్టె అచ్చుని పొరలు పొరలుగా కట్టేస్తుంది. మైనం లేదు, మూస లేదు, గరిట లేదు. మేం రోజంతా చేసేది అది మధ్యాహ్నం భోజనంలోపు చేసేస్తుంది. అద్దెకి తెచ్చి పరీక్షకి పెట్టాడు సారు. "అక్కా, మీరు దగ్గరుండి చూడండి. చేత్తో చేసిందీ ఇదీ పక్కపక్కన పంపి, ఆస్పత్రుల వాళ్ళు ఏమంటారో విని, ఏది బాగుందో మీరే చెప్పండి. మీరెలా అంటే అలా" అని వదినకి అప్పగించాడు.

ఆ రోజు నుంచి గదిలో నవ్వులు బంద్. ప్రింటర్ బాగుందంటే మా గది ఉండదు, అది చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. బాగుందని చెప్పాల్సిన మనిషికేమో కంపెనీలో వాటా. ప్రింటర్ వస్తే ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే షేరు పెరుగుతుంది. వదిన ఏం చెబుతుందో అందరూ ముందే తేల్చేసుకున్నారు. గరిట నమస్కారాలు మానేశాడు.

మాతోపాటే ఉండే మా అమ్మకి చెవుడు. వదిన అత్తగారికి తన చేత్తో ఎన్ని అచ్చులు చేసిందో లెక్కలేదు. అమ్మ చెవి ఏం చెవో గానీ, దవడ కదిలితే చాలు కూత. భోజనానికి కూర్చుంటే ఇల్లంతా కీమంటుంది. విసుగొచ్చి మిషన్ తీసి పక్కన పెట్టేది. ఇక తినేటప్పుడు అమ్మతో మాటల్లేవు. వదిన ఈసారి అమ్మ చెవి ముద్ద ప్రింటర్‌కి ఇచ్చింది.

కొత్త అచ్చు పెట్టుకుని అమ్మ భోజనానికి కూర్చుంది. నమిలింది. కూత లేదు. ఇంకో ముద్ద పెట్టుకుంది. లేదు. నేను అలవాటుగా, "ఈవిడకి ఎంత చేసినా ఉప్పు తక్కువే అంటుంది చూడు" అని గొణిగాను.

"ఏమే, నేనెప్పుడన్నాను?" అంది అమ్మ, నమలడం ఆపకుండానే.

అన్నయ్య పకపకా నవ్వాడు. అమ్మ మురిసిపోయి, ఆ పూట అందరి మాటలకీ అడ్డం వచ్చింది. వదిన మాత్రం చెయ్యి కంచంలో అలాగే ఉంచి నా వైపు చూసింది. నేనూ చూశాను. ఇంకెవరూ చెప్పక్కర్లేదు, ఏది బాగుందో మా ఇద్దరికీ తెలిసిపోయింది.

గిన్నెలు కడుగుతూ అడిగాను. "ఏం చెప్తావు మరి?"

"ఉన్నదే చెప్తాను."

"చెప్పు. నీకేం, వాటా ఉంది. రోడ్డున పడేది మేమే కదా."

ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. చెయ్యి తుడుచుకుని బయటికెళ్ళిపోయింది. మిగిలిన గిన్నెలు నేనొక్కదాన్నే కడిగాను.

మర్నాడు పొద్దున్నే వదిన సారు గదిలోకి వెళ్ళి, తన ఆప్షన్లన్నీ తిరిగి తీసేసుకోమంది. డబ్బు కూడా ఇవ్వక్కర్లేదంది. "ఇవి ఉండగా నేను నోరు విప్పితే అది నా మాట అవదు సారూ, నా వాటా మాట అవుతుంది." సారుకి ఏమీ అర్థం కాలేదు. అవి వెనక్కి ఇచ్చే పద్ధతి ఏదీ లేదనీ, ఇచ్చినా ఆవిడ ఇచ్చిందని ఎవరూ నమ్మరనీ లెక్కల మేడం చెప్పింది. లెక్కల మేడం అంటే మా జీతాలూ షేర్ల కాగితాలూ చూసే ఆవిడ. అబద్ధం ఆడదు, అందుకే ఎవరికీ ఆవిడంటే అంత ఇష్టం ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నమే సారు మా గదికొచ్చి, అందరి ముందూ అడిగాడు. వదిన లేచి నిలబడింది.

"ముందు ఒక మాట. నాకు కంపెనీలో వాటా ఉంది. ప్రింటర్ వస్తే నాకు లాభం. అది గుర్తు పెట్టుకుని వినండి" అంది. తర్వాత మా వైపు తిరిగింది. "ప్రింటర్ అచ్చు మనదానికంటే బాగుంది. పసిపిల్లల చెవులకీ, దవడ కదిలే ముసలివాళ్ళకీ ఇంకా బాగుంది. మా అత్తగారి చెవికి నేను ఎన్నేళ్ళుగానో చెయ్యలేనిది అది ఒక్కసారిలో చేసింది."

గరిట గరిటని బల్ల మీద విసిరాడు. "చెప్పిందిరా ఓనరమ్మ! ఎంతొచ్చిందమ్మా, బాగా ముట్టిందా?"

 నేనే లేచాను ఏదో అందామని. ఏ వైపు అనాలో తెలియక కూర్చున్నాను.

సారు గబగబా అందుకున్నాడు. "ఎవరూ కంగారు పడొద్దు. ప్రింటర్లకి ఇద్దరు చాలు. మిగతా ఆరుగురినీ ఊరికే పంపను. ఒక్కొక్కరికీ బోలెడు ఆప్షన్లు ఇచ్చి పంపుతాను."

లెక్కల మేడం గుమ్మంలోంచి, "ఉద్యోగం మానేసిన మూడు నెలల్లో డబ్బు కట్టి షేర్లు కొనుక్కోవాలి. లేకపోతే ఆ ఆప్షన్లు పోతాయి" అంది.

 ఉద్యోగం పోయినవాడి దగ్గర షేర్లు కొనడానికి డబ్బెక్కడిది? ఇచ్చినట్టే ఇచ్చి చేతిలో గాలి పెడుతున్నారు.

"అలా కుదరదు సారూ" అంది వదిన. "ఓనర్లలో నేనూ ఒకదాన్ని. నేను ఒప్పుకోను. వెళ్ళేవాళ్ళకి క్యాష్ ఇవ్వాలి."

సారు నవ్వాడు. ఎగతాళిగా కాదు, పాపం, ఎలా చెప్పాలో తెలియక. "అక్కా, మీరు ఓనర్ కాదు. ఆప్షన్ అంటే కొనుక్కునే హక్కు మాత్రమే. కొన్నాకే షేరు. అప్పటిదాకా కంపెనీలో మీది ఏమీ లేదు."

"మరి ఆ రోజు ఓనర్లన్నారు కదా సారూ?"

"అది... మాటవరసకి అన్నానక్కా."

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గది మొత్తం నవ్వింది. గరిట అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇన్నేళ్ళూ కుళాయిలు బిగించింది, చేపల లెక్క అడిగింది, ఓవర్‌టైమ్ వదిలేసింది, తీరా చూస్తే ఓనరే కాదు! వదిన నెమ్మదిగా కూర్చుని, ముందున్న ముద్ద తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది. నేను రోజూ ఆవిడని ఓనరమ్మా అని ఆటపట్టించినదాన్నే. ఆ నవ్వు మాత్రం నేను భరించలేకపోయాను. "నోళ్ళు మూస్తారా!" అని గదంతా అదిరిపోయేలా అరిచాను.

ఆ సాయంత్రం వదిన ఇంటికెళ్ళే ముందు లెక్కల మేడం దగ్గర ఆగింది.

"ఆ షేర్లు ఇప్పుడే కొంటే?"

"కొంటే షేర్‌హోల్డర్ అవుతారు. వచ్చే వారం షేర్‌హోల్డర్ల మీటింగుంది, ప్రింటర్ల డబ్బు గురించే. మిమ్మల్ని పిలవాలి. మీరడిగినదానికి జవాబు చెప్పాలి. ఓటు కూడా ఉంటుంది, కాకపోతే మీ ఓటుతో ఏదీ ఆగదు. మీ వంతు ఆవగింజంత."

"అడగొచ్చు కదా?"

"అడగొచ్చు."

ఆప్షన్లన్నీ షేర్లుగా కొనాలంటే పాత రేటుకైనా చిన్న మొత్తం కాదు. పెంపులు వదులుకున్న మనిషి దగ్గర దాచిందేముంటుంది? అన్నయ్య తన దగ్గరున్నది మాట్లాడకుండా తెచ్చి ఇచ్చాడు. సగానికి కూడా రాలేదు. వదిన వచ్చి నా మంచం పక్కన నిలబడింది. ఆవిడ ఏం అడుగుతుందో నాకు తెలుసు. అడక్కముందే, "ఇవ్వను" అన్నాను.

"నేనింకా అడగలేదే."

"అడక్కు. అది నా గది. ఇన్నేళ్ళు క్యాష్ క్యాష్ అని నేను పోగేసుకుంది నీ కాగితాల్లో పొయ్యడానికి కాదు. ఆ షేర్లు రేపు ఎవరు కొంటారు? ఎప్పుడు కొంటారు? నా డబ్బు అందులో పడితే మళ్ళీ నా మొహం చూస్తుందా?"

"చూడకపోవచ్చు" అంది వదిన. వస్తుందని ఒక్క అబద్ధం ఆడితే నేను తిట్టి పంపేసి హాయిగా పడుకునేదాన్ని. ఆ మనిషితో ఇదే తలనొప్పి.

మర్నాడు పనిలో గరిట మందు పోస్తూ మూస నిండా ఒలకబోశాడు. ఆయన చేతుల్లో ఒక్క చుక్క ఒలికిపోవడం నేను ఎరగను. తుడుస్తూ, తలెత్తకుండా నన్నడిగాడు. "నువ్వూ మొదట్నుంచీ క్యాషే కదమ్మా. ఏమైనా వెనకేశావా? నాకైతే నెల గడవడానికే సరిపోయింది. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?" పాలిష్ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

క్యాష్ తీసుకున్నవాళ్ళకి క్యాష్ మిగులుతుందని నేననుకున్నాను. నాకు మిగిలిందంటే, అన్నయ్య ఇంట్లో తిని అన్నయ్య ఇంట్లో పడుకున్నాను కాబట్టి మిగిలింది. ఆ ఇల్లు నడిపింది ఎవరు? మధ్యాహ్నం సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్ళాను. డబ్బు తెచ్చి వదిన బల్ల మీద పెట్టి, "అడుగుతావు కదా, సరిగ్గా అడుగు. తత్తరపడ్డావంటే ఊరుకోను" అన్నాను. కిటికీ ఉన్న గది నా కళ్ళ ముందే పోయింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే చులకనైపోతానని ముక్కు చీదుకుని పనిలో పడ్డాను.

మీటింగు సారు గది పక్కన అద్దాల గదిలో. నేను బయట మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర నిలబడ్డాను. లోపల సారు, పెట్టుబడి పెద్దాయన, ఇంకో ముగ్గురు, తలుపు పక్క కుర్చీలో మా వదిన. కనిపిస్తోంది, వినిపించడం లేదు. లోపల జరిగింది తర్వాత లెక్కల మేడం ఉన్నదున్నట్టు చెప్పింది.

వదిన ప్రింటర్లకి ఒప్పుకుంటూ చెయ్యెత్తిందట. తర్వాత అడిగిందట: "వెళ్ళిపోయే ఆరుగురికీ ఆప్షన్లు ఇస్తామన్నారు. అవి ఇక్కడ ఉండేవాళ్ళకి పనికొస్తాయి. వెళ్ళేవాళ్ళకి అన్నం పెట్టవు. ఆరు నెలల జీతం క్యాష్‌గా ఎందుకివ్వకూడదు?"

పెద్దాయన కళ్ళజోడు తీశాడట. "అమ్మా, ఆ డబ్బు కంపెనీది. అంత ఇచ్చేస్తే షేరు విలువ తగ్గుతుంది. మీరు నిన్నగాక మొన్న కొన్నారు. మీదీ తగ్గుతుంది. తెలుసా?"

"తెలుసండీ. నాది తగ్గినా సరే."

పెద్దాయన సారుని అడిగాడట, మొత్తం ఎంతవుతుందని. సారు చెప్పాడట. ప్రింటర్ల ఖర్చులో అదొక మూలకి రాదు. అడిగినవాళ్ళు లేక ఆలోచించలేదని సారే ఒప్పుకున్నాడట. పెద్దాయన సరేనన్నాడు, మిగతావాళ్ళూ సరేనన్నారు. ఇక్కడిదాకా మేడం చెప్పింది. ఆ తర్వాతది వదినే చెప్పింది, బస్‌స్టాపులో.

"ఆరు నెలలది క్యాష్‌గా ఇస్తారట. అందరికీ" అంది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. "నా బంగారు వదినా! మరి ఉండే ఆ ఇద్దరూ ఎవరో తేల్చారా?"

"నన్నే చెప్పమన్నారు. అందరి పనీ నాకే తెలుసు కదా అని."

"ఎవరిని చెప్పావు?"

"గరిటని. పాలిష్‌ని. ఆయన్ని ఈ వయసులో ఇంకెవరూ పెట్టుకోరు, నున్న చెయ్యడం ప్రింటర్ అచ్చుకైనా తప్పదు."

 "అదేంటి? నువ్వో?"

"నా పేరు నేనే చెప్పుకుంటే, ఉద్యోగం కోసమే షేర్లు కొందనరూ?"

"సరే, నువ్వొద్దు. నేనో?"

వదిన నా చేతుల్లోంచి తన చేతులు తీసుకుంది. "నీ పేరు చెబుదామనే నోరు తెరిచాను. మన గదిలో నీ అంత బాగా చెక్కేవాళ్ళు లేరు. కానీ నువ్వు నా ఆడపడుచువి. ఆ షేర్లలో ఉన్నది నీ డబ్బు. చెప్పలేకపోయానే."

"నా డబ్బుతో షేర్లు కొని, ఆ షేర్లతో లోపలికెళ్ళి, నా ఉద్యోగమే ఊడగొట్టి వచ్చావా!"

"అవును" అంది.

స్టాపులో జనం తిరిగి చూశారు. చూడనీ. బస్సొచ్చింది, వెళ్ళిపోయింది. నేను తిడుతూనే ఉన్నాను. నీకు బుద్ధి లేదన్నాను, నిన్ను చేసుకున్న మా అన్నయ్యకి లేదన్నాను, గరిట నిన్ను అన్ని మాటలంటే వాడికే ఉద్యోగం ఇచ్చి వచ్చావా అన్నాను. ఆవిడ నిలబడి వింటూ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. చూసేసరికి నాకూ ఆగలేదు. ఇద్దరం రోడ్డు మీద నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాం.

గది పోయింది, బ్యాంకులో డబ్బు పోయింది, ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రం ఆవిడ మళ్ళీ చెయ్యి చాచి అడిగినా, నా దగ్గర ఉంటే ఇచ్చేసేదాన్నే. ఆ మాట మాత్రం ఇప్పటికీ ఆవిడకి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కి కూర్చుంటుంది.